అక్క టేపులో గాటు

ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నా బుద్ధే అంత. పేరు రాస్తే రేపు తెల్లారేసరికి ఎవడో ఒకడు ఎక్కడో వెతికి, గీతలు పడ్డ చెత్త ప్రింటు ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టి, బొమ్మ మధ్యలో తన ఫోన్ నంబరు వేసుకుంటాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా పాత సినిమాలు పోగేస్తున్నవాణ్ణి, అలాంటివాళ్ళను చాలామందిని చూశాను. నలుపు తెలుపు సినిమా. పెద్ద హీరో లేడు. పాటలు రేడియోలో కూడా అంతంతమాత్రంగానే వచ్చాయి. ఆడిన చోటల్లా వారం తిరక్కుండా ఎత్తేశారు. మీకు ఇంతవరకు తెలిస్తే చాలు.

నేను అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ప్రయోగం చెయ్యకుండా పక్కవాడి నోటుబుక్కులోంచి రీడింగులు దింపేసుకున్న పిల్లల్ని పట్టుకోవడం నా ఉద్యోగంలో సగం. ఆ ఉద్యోగం వల్ల నాకు అనుమానం అబ్బిందో, అనుమానం ఉందని ఆ ఉద్యోగం అబ్బిందో తెలియదు. మా ఆవిడ మాత్రం రెండోదే అంటుంది. చేపలమ్మి బొచ్చె మొప్ప ఎత్తి చూపించాక కూడా ఇంకోసారి ఎత్తమంటానని, నాతో బజారుకు రావడం ఎప్పుడో మానేసింది.

పాత సినిమాల పిచ్చి ఉన్నవాళ్ళం మా కోనసీమలో ముగ్గురం నలుగురం ఉన్నాం. చుట్టుపక్కల జిల్లాలవాళ్ళతో కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. వంద రోజులు ఆడిన సినిమాలకు ఏ లోటూ లేదు. వాటిని కడిగి, తుడిచి, కొన్నిటికి రంగులు కూడా పూసి మళ్ళీ మళ్ళీ వదులుతారు. మా బాధంతా ఎవరూ పట్టించుకోని సినిమాల గురించి. మాకు కావలసింది పెద్దదేమీ కాదు. నెగెటివ్ ఎక్కడుందో వెతికి, గీతలు తుడిచి, మాట స్పష్టంగా వినిపించేలా చేసి, ఒక డిస్కు వేస్తే చాలు. దానికొక అట్టపెట్టె, అందులో ఎవరు తీశారో ఎక్కడ తీశారో రాసిన నాలుగు పేజీల పుస్తకం ఉంటే ఇంకా సంతోషం. ఫోనులో చూడొచ్చు కదా అంటారు మావాళ్ళు. ఫోనులో ఉన్నదాన్ని వాళ్ళు ఎప్పుడు తీసేస్తారో ఎవరికి తెలుసు? డిస్కయితే బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు.

గ్రూపులో రోజూ ఎవరో ఒకరు ఫలానా సినిమాలు డిస్కులుగా రావాలని జాబితా పెడతారు. మిగతావాళ్ళు దండం పెట్టే బొమ్మలు పెడతారు. అయితే ఆ సినిమా పాత టేపు మీలో ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగితే మాత్రం గ్రూపు గ్రూపంతా చెవిటిదైపోతుంది. అందరి దగ్గరా ఏదో ఒకటి ఉంటుంది. ఎవరూ ఉందని ఒప్పుకోరు. నేనైతే అసలు ఒప్పుకోను.

పేరు రాయనన్న ఆ సినిమా మా అక్కది. అక్కది అంటే అక్క తీసిందనో, అందులో నటించిందనో కాదు. చిన్నప్పుడు ముక్తేశ్వరంలో టెంటు హాలు వేసినప్పుడు అది ఆడిన నాలుగు రోజుల్లో మూడు రోజులు వెళ్ళింది. అక్క నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. ఆ సినిమా అప్పటికి నేను చూడలేదు కానీ, అక్క నోటి నుంచి కొన్ని పదులసార్లు విన్నాను. పెద్ద కుటుంబం, అందులో పెళ్ళికాని పెద్ద కూతురు, ఆమె చాకిరీ మీద ఇల్లంతా నడవడం, చివరికి ఆమె ఇల్లు వదిలి వెళ్ళిపోవడం, ఇంతే కథ. అక్క చెప్తుంటే పాటలు పాడేది, దెబ్బలాటలు అభినయించేది, గేదెల బేరగాడి హాస్యం చెప్పేటప్పుడు తనే ముందు నవ్వేసేది.

తర్వాత అక్క పెళ్ళి చేసుకుంది, బావ పోయాడు, కూతుర్ని మా అమ్మ దగ్గర వదిలి ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. మా వైపు చాలామంది ఆడవాళ్ళు వెళ్ళారు, అక్కా వెళ్ళింది. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు నాకు వీసీఆర్ తెచ్చింది. అప్పటికి మా వీధిలో టీవీ ఉన్నవాళ్ళే తక్కువ. కస్టమ్స్ దగ్గర దానికోసం రెండు గంటలు నిలబెట్టారట. నా ఒళ్ళో పెట్టి, ఆ సినిమా ఎప్పుడైనా టీవీలో వేస్తే ఎక్కించి ఉంచమంది. అదొక్కటే అడిగింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా నిజంగానే వేశారు. ముందురోజు పేపర్లో చూసి నాకు ఆకలి వెయ్యలేదు. కరెంటు పోతుందేమోనని ఒక భయం, పక్కింటివాళ్ళు మిక్సీ వేస్తే బొమ్మ చెడుతుందేమోనని ఇంకో భయం. వాళ్ళింటికి వెళ్ళి ఆ మూడు గంటలు మిక్సీ వెయ్యొద్దని బతిమాలాను. ఎందుకో చెప్పలేదు, చెప్తే సినిమా చూడ్డానికి వచ్చేస్తారని. కరెంటు పోలేదు. సినిమా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా టేపు మీదికి ఎక్కింది. ఆ తర్వాత నాకు తెలిసినంతవరకు దాన్ని ఎక్కడా ఎవరూ వెయ్యలేదు.

ఇక్కడ గాటు గురించి చెప్పాలి. కొబ్బరి రాశిలో మన కాయలు కలిసిపోకుండా కత్తితో చిన్న గాటు పెట్టుకున్నట్టు, మేము ఎవరికైనా టేపు కాపీ చేసి ఇచ్చేటప్పుడు అందులో ఒక చిన్న ముక్క ఎగరగొడతాం. ఎక్కించేటప్పుడు ఆ ముక్క రాగానే పాజ్ నొక్కి, అయిపోయాక వదిలేస్తాం. చూసేవాడికి తెలియదు. ఒక్కొక్కరికి ఒక్కో చోట. రేపు ఆ సినిమా బజార్లో ఎవరి దగ్గరైనా కనిపిస్తే, ఏ ముక్క లేదో చూసి ఎవడి చేతిలోంచి జారిందో పట్టుకోవచ్చు. పైగా, పూర్తి సినిమా మన ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అందరూ చేస్తారు, ఎవరూ మాట్లాడరు.

ఆ టేపుకు నేను జీవితంలో రెండే కాపీలు తీశాను. ఒకటి రాజోలు మాస్టారికి. ఆయన హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేశారు, నాకన్నా పదేళ్ళు పెద్ద, మాలో అందరికన్నా ఎక్కువ సినిమాలు ఉన్నవారు. ఆయన నాకు అంతకుముందు రెండు మంచి టేపులు ఇచ్చారు కాబట్టి లేదనలేకపోయాను. ఆయన కాపీలో గేదెల బేరగాడి హాస్యం కొంచెం ఎగరగొట్టాను. రెండో కాపీ అక్కకు, కువైట్‌కు.

అవును, అక్క కాపీలో కూడా గాటు పెట్టాను. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉంటారు, ఎవరో ఒకరు అడుగుతారు, అక్క మెత్తటి మనిషి ఇచ్చేస్తుంది, అది గల్ఫ్ అంతా తిరిగి మళ్ళీ అమలాపురం వీడియో షాపుకే వస్తుంది అనుకున్నాను. అక్కకు కష్టం కలగకూడదని కూడా ఆలోచించాను. పాట తియ్యలేదు, దెబ్బలాట తియ్యలేదు, అక్క చెప్పిన కథలో ఉన్నవేవీ తియ్యలేదు. అందరూ భోంచేసి లేచాక పెద్ద కూతురు వంటింట్లో ఒక్కతే కూచుని అన్నం తినే సీను ఒకటి ఉంది. మాట లేదు, పాట లేదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కూర బాగుందన్నట్టు తల ఊపి, తనలో తనే నవ్వుకుంటుంది. రెండు నిమిషాలు కూడా ఉండదు. పోయినా ఎవరికీ తెలియదులే అని అదే తీసేశాను.

చాలా ఏళ్ళు గడిచాయి. అక్క పని మానేసి వచ్చేసి, ముక్తేశ్వరంలో కూతురి దగ్గర ఉంటోంది. షుగరు కళ్ళకు ఎక్కింది. కాకినాడ తీసుకెళ్ళి కంట్లో ఇంజెక్షన్లు చేయిస్తున్నాం. ఎడమ కన్ను ఇంక రాదన్నారు, కుడి కన్ను ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు. అక్క ఏడవలేదు, దేవుణ్ణి తిట్టలేదు. నన్ను చూసినప్పుడల్లా మాత్రం, మన సినిమా డిస్కు ఇంకా రాలేదురా అని అడిగేది. వస్తుందక్కా అనేవాణ్ణి. అది రాదని నాకు తెలుసు. గ్రూపులో ఆ సినిమా పేరు జాబితాలో పెట్టేది కూడా నేనొక్కణ్ణే.

అలాంటి రోజుల్లో చెన్నై నుంచి ఫోను వచ్చింది. ఒక అమ్మాయి. పాత సినిమాలు బాగుచేసి డిస్కులు వేసే చిన్న సంస్థట. మూతబడ్డ ఒక థియేటరు గోదాములో ఆ సినిమా ప్రింటు దొరికిందట. ముందు భాగం, వెనక భాగం బాగానే ఉన్నాయి కానీ మధ్యలో రెండు రీళ్ళు పులిసిన వాసనొస్తూ అట్టలా అతుక్కుపోయాయట. ఆ ఇరవై నిమిషాలూ ఎవరి టేపులోంచైనా తీసుకుని అతుకుతామంది. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా ఫరవాలేదు, కథ మాత్రం తెగకూడదు, తెగితే డిస్కు వెయ్యలేమంది. నా నంబరు ఎవరిచ్చారని అడిగాను. ఒకాయన ఇచ్చారు, పేరు చెప్పొద్దన్నారు అంది.

ఆ ఒక్కమాటతో నాలోని ల్యాబ్ అసిస్టెంటు లేచి కూచున్నాడు. పేరు చెప్పొద్దన్నాడంటే ఏదో ఉంది. గొంతు మరీ తియ్యగా ఉంది. డిస్కులు వేసేవాళ్ళే అయితే గ్రూపులో బహిరంగంగా అడగొచ్చు కదా? టేపు పంపించాక అది తిరిగొస్తుందని హామీ ఏమిటి? నా దగ్గర అలాంటిదేమీ లేదండీ, మీకెవరో తప్పు చెప్పారు అని పెట్టేశాను. పెట్టేసిన పది నిమిషాలకు అక్క కన్ను గుర్తొచ్చింది. ఇవ్వడమా మానడమా తర్వాత, ముందు టేపు ఎలా ఉందో చూద్దామనుకున్నాను.

దాన్ని నేను ఎంత భద్రంగా దాచానో చెప్తే నవ్వుతారు. మాస్టారు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన చూపు నా షెల్ఫు మీద తిరిగేది. అందుకని ఆ టేపును పాలిథిన్ కవర్లో చుట్టి, దాన్ని బిస్కట్ల డబ్బాలో పెట్టి, మూత చుట్టూ ప్లాస్టర్ అంటించి, అటక మీద పాత కుంపటి వెనక్కి తోసేశాను. మిగతా టేపులన్నిటికీ ఏడాదికోసారి ఎండ తగలనిచ్చి, తిప్పి పెట్టేవాణ్ణి. దీన్ని మాత్రం ఎవరి కంటా పడకూడదని ముట్టుకోలేదు. మా ఊరి తేమ సంగతి తెలిసి కూడా. డబ్బా విప్పేసరికి రీలు అంచులన్నీ తెల్లగా బూజు పట్టి ఉన్నాయి. మెత్తటి గుడ్డతో తుడుస్తూ చేత్తో మెల్లిగా తిప్పాను. నాలుగు చుట్లు తిరిగి చిరిగిపోయింది. చాలాసేపు అటక నిచ్చెన మీదే కూచున్నాను. మా ఆవిడ కింద నుంచి ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను.

ఇక లోకంలో మిగిలింది రెండు కాపీలు. అక్కను అడిగితే ఎందుకని అడుగుతుంది, మాట మీద మాట వచ్చి గాటు సంగతి బయటపడుతుంది. అందుకని మర్నాడు పొద్దున్నే రాజోలు బస్సెక్కాను. బోడసకుర్రు వంతెన దాటేదాకా మాస్టారిని ఎలా అడగాలా అని ఆలోచించాను. వంతెన దాటాక ఇంకో ఆలోచన వచ్చింది. నా నంబరు చెన్నైకి ఇచ్చి పేరు చెప్పొద్దన్నది ఈయనే అయితే? ఆయన తన టేపు తనే అమ్మజూపి, నా దగ్గర కూడా ఉందో లేదో కనుక్కోవడానికి ఆ అమ్మాయి చేత ఫోను చేయించి ఉంటే? దిగేసరికి నాకు అది రుజువైపోయింది.

మాస్టారు వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నారు. ఎంతో మర్యాదగా లేచి, ఎండన పడి వచ్చేరు, ముందు మజ్జిగ పుచ్చుకోండన్నారు. మాస్టారి మర్యాదంటే నాకు మొదటి నుంచీ భయమే, దాని వెనక ఏముందో తెలియదు. ఆయన భార్య జంతికలు పెట్టారు. చర్చి పండగ గురించి, మోకాళ్ళ గురించి, గ్రూపులో వచ్చిన కొత్త జాబితా గురించి మాట్లాడుకున్నాం. నేను చెన్నై ఊసు ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. షెల్ఫులో నేనిచ్చిన టేపు ఉండే చోటు ఖాళీగా ఉంది. బల్ల మీద కొరియర్ రసీదు ఒకటి ఉంది. కళ్ళజోడు లేకపోయినా చెన్నై అన్న మాట చదవగలిగాను. చివరికి ఆయనే అడిగారు.

"మీ అసలు టేపు క్షేమంగా ఉందాండీ?"

"ఆయ్, భద్రంగా ఉందండి," అన్నాను.

మాస్టారు హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలారు. ఆ హమ్మయ్యకు నాకు ఒళ్ళు మండింది. నా దగ్గర ఉందని తెలుసుకుని, తన బేరం ఎలా దిద్దుకోవాలో చూసుకుంటున్నాడనుకున్నాను. తిరుగు బస్సులోనే గ్రూపులో ఒక ముక్క పెట్టాను. కొందరు పెద్దమనుషులు ఇతరులు కష్టపడి ఎక్కించిన టేపులను తమవని చెప్పుకుని పట్నాలకు పంపిస్తున్నారు, జాగ్రత్త అని. పేరు పెట్టలేదు. పెట్టక్కర్లేదు కూడా, అందరికీ అర్థమైంది. మాస్టారు దాన్ని చూసినట్టు నీలం గుర్తు పడింది.

మూడోరోజున ఆ అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. ఈసారి దాపరికం లేదు. రాజోలు మాస్టారు తన టేపు వారం కిందటే పంపించేశారట. అది నాదేననీ, కరెంటు కోతల రోజుల్లో ఎక్కించి కాపాడింది నేనేననీ, డిస్కు పుస్తకంలో కృతజ్ఞతల దగ్గర ముందు నా పేరు వెయ్యాలనీ ఉత్తరం కూడా పెట్టారట. అయితే ఆ టేపులో గేదెల బేరం దగ్గర నిమిషమున్నర లేదట. ఆ ముక్క నా దగ్గర తప్పకుండా ఉంటుందని, నేను చాలా జాగ్రత్త గల మనిషినని చెప్పి నంబరు ఇచ్చారట.

"మరి ఆయన పేరు చెప్పొద్దని ఎందుకన్నారమ్మా?"

"ఆయన చెప్పారని తెలిస్తే మీరు ఇవ్వరేమోనన్నారు, సార్."

గాటు సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసన్నమాట. తెలిసి నన్ను ఒక్కమాట అనలేదు. నేను భద్రంగా ఉందన్నప్పుడు ఆయన హమ్మయ్య అన్నది సినిమా బతికిందని. ఆ అమ్మాయితో ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నా టేపు బూజు పట్టి చిరిగిపోయిందని. ఇంకెక్కడా కాపీ లేదా అంది. ఉంది, ఒక రోజు టైమివ్వమన్నాను. గ్రూపులో నేను పెట్టిన మాటను చెరిపేద్దామని చూస్తే గడువు దాటిపోయిందంది ఫోను. దాని కిందే, తప్పు నాది, మాస్టారు క్షమించాలి అని రాశాను. ఆయన దండం బొమ్మ ఒకటి పెట్టారు.

ముక్తేశ్వరం వెళ్ళేసరికి అక్క అరుగు మీద కూచుని కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. చూపుతో పనిలేదు, వేళ్ళకే తెలుసు. చెన్నై సంగతి చెప్పి, నీ టేపు ఉందా అక్కా అన్నాను. ఎందుకని అడగలేదు. ఎప్పుడు తిరిగిస్తావని అడగలేదు. లోపలికి వెళ్ళి, ఇనప బీరువాలో చీరల కింద నుంచి తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళు ఎడారి గాలిలో ఉన్నందుకో ఏమో, కొత్తదానిలా ఉంది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. అది సంచిలో పెట్టుకుని వచ్చేస్తే సరిపోయేది. మాస్టారి టేపులో అక్క ముక్క ఉంది, అక్క టేపులో మాస్టారి ముక్క ఉంది, రెండూ కలిస్తే సినిమా పూర్తవుతుంది, నా గుట్టు నా దగ్గరే ఉంటుంది. అయినా టేపు చేతిలో పట్టుకుని అరుగు మీదే కూచున్నాను.

"అక్కా, ఇందులో ఒక ముక్క లేదు. నేనే తీసేసేను."

"తెలుసురా," అంది ఈనె చీలుస్తూ. "అన్నం తినే ముక్క."

మొదట టీవీవాళ్ళే కోసేశారనుకుందట. తర్వాత సెలవుకు వచ్చినప్పుడు నేనే గొప్పగా నా టేపు వేసి చూపించానట. అందులో ఆ సీను ఉంది. నేను పక్కనే కూచుని ఉన్నాను, నాకు గుర్తు కూడా లేదు. అక్క ఆ రోజు చూసి ఊరుకుంది. ఆ సీను కోసమే చిన్నప్పుడు మూడుసార్లు వెళ్ళానని ఇప్పుడు చెప్పింది. మరి నాకు కథ చెప్పినప్పుడు అది ఎప్పుడూ చెప్పలేదేమని అడిగాను. అందులో చెప్పడానికేముందిరా, అది చూసుకోవాలి అంది.

"నన్ను అడగొచ్చు కదక్కా?"

"ఏమని అడగను? నన్ను నమ్మలేదేంరా అనా?" ఈనెలు కట్టగట్టి పక్కన పెట్టింది. "శుక్రవారం మనవాళ్ళు అయిదారుగురం ఒక గదిలో చేరేవాళ్ళం. మన సినిమా వెయ్యి అక్కా అని ప్రాణం తీసేవారు. టేపు పాడైపోయిందని చెప్పేదాన్ని. చూపిస్తే కాపీ అడుగుతారు, కాదనలేను. ఇస్తే నువ్వనుకున్నదే నిజమైపోద్ది. అందుకని వాళ్ళెళ్ళిపోయేక ఒక్కదాన్నే వేసుకునేదాన్ని. అన్నేళ్ళూ ఎవరికీ చూపించలేదురా."

అక్క కువైట్‌లో ఒక ఇంట్లో పదిమందికి వండిపెట్టి, చివర్న వంటింట్లో ఒక్కతే తిని, ఆ తర్వాత ఆ సినిమా కూడా ఒక్కతే చూసింది. నా మీద కోపంతో కాదు, నా అనుమానం అబద్ధమని తేల్చడానికి. నేను ఆ సంగతే ఎరక్కుండా అటక మీద డబ్బాకు ప్లాస్టర్లు అంటించుకుంటున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఏడిస్తే అక్క ఓదారుస్తుంది, అది ఇంకా అన్యాయమని ఏడవలేదు. భోజనం చేసి వెళ్ళమంది. తిన్నాను. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూచుంది. నువ్వూ పెట్టుకో అక్కా అంటే, ముందు నువ్వు కానీ అంది. నేను లేచి ఇంకో కంచం తెచ్చి వడ్డించేదాకా ముద్ద ఎత్తలేదు.

డిస్కు వచ్చేసరికి వానాకాలం వెళ్ళి ఎండలు మొదలయ్యాయి. ఈలోగా ఆ చెన్నైవాళ్ళ మీద నాకు కనీసం ఆరుసార్లు అనుమానం వచ్చింది, ఆరుసార్లూ మింగేశాను. టేపులు రెండూ తిరిగొచ్చాయి. అట్టపెట్టె ఉంది, నాలుగు పేజీల పుస్తకం ఉంది, కృతజ్ఞతల్లో ముగ్గురి పేర్లూ ఉన్నాయి. అక్క పేరు ముందు వెయ్యమని నేనే చెప్పాను. అప్పటికి అక్క కుడి కంటికి చూపు ఇంకా కొంత ఉంది. టీవీకి మూరెడు దూరంలో కూచుంటే మొహాలు పోల్చుకోగలదు.

ఆదివారం మధ్యాహ్నం ముక్తేశ్వరంలో వేశాం. అక్క వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచింది. ఒకప్పుడు కువైట్‌లో తనతో పనిచేసినావిడ, ఓడలరేవు నుంచి, రెండు ఆటోలు మారి వచ్చింది. మాస్టారు రాజోలు నుంచి వచ్చి ద్వారం దగ్గర కూచున్నారు, నేను ఆయన పక్కన కూచున్నాను. గేదెల బేరానికి అందరూ పడీపడీ నవ్వారు. తర్వాత భోజనాలయ్యాయి, తెరమీద పెద్ద కూతురు వంటింట్లోకి వెళ్ళి పీట వాల్చుకుంది. అప్పటిదాకా వస్తున్న అక్క టేపు బొమ్మ ఒక్కసారిగా ఇంకా మసకబారింది, అది మాస్టారి టేపులోంచి అతికిన ముక్క. అక్క టీవీ వైపు చూడలేదు. తలతిప్పి, ఉన్న ఆ కాస్త చూపుతో, చూస్తున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి కోడలు గోడవారన నిలబడి, ఫోను ఎత్తిపట్టుకుని ఆ సీను వీడియో తీసుకోవడం కనిపించింది. ఆ డిస్కు వచ్చి ఇంకా వారం కాలేదు. నా చెయ్యి దానంతటదే లేచింది, నేను కూడా లేచాను. ఆ అలికిడికి అక్క నా వైపు తిరిగింది. నేనెందుకు లేచానో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"తియ్యనీరా," అంది మెల్లిగా. "ఆ అమ్మాయి నిలబడి తీస్తంది, చెయ్యి వణికితే బొమ్మ చెడుద్ది. కుర్చీ ఇవ్వు."

నేను కూచున్న కుర్చీ ఎత్తి తీసుకెళ్ళి ఆమె వెనకాల వేశాను. మిగిలిన సినిమా నిలబడి చూశాను.